మౌనము మర్యాద యగునా?

మన యిండ్లలో పిల్లలకు మొట్టమొదట నేర్పు నీతులలో “పెద్దలకు ఎదురు చెప్పరాదు” అనునది యొకటి. అక్షరములు దిద్దించుటకు ముందే ఈ మాట చెవిని పడును. పూర్వులు మగ్గములు మోసికొని షోలాపురము చేరినవారైనను, సేద్యమునకై మధుర, తిరునెల్వేలి సీమల నల్లరేగడికి తరలినవారైనను, ఉన్నచోటనే యుండగా రాష్ట్రముల సరిహద్దులు మారుటచే బళ్లారిలోను, హోసూరులోను, బరంపురములోను మిగిలినవారైనను, ఈ నీతిని మాత్రము ఎవరును వెనుక విడిచి రాలేదు. భాష కొంత మాసినది. కొందరి పిల్లలకు లిపి రాదు. కాని పెద్దలయెడ వినయము మన కుటుంబములలో నేటికిని నిలిచియున్నది. అది మన సంపద. దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు.

అయినను ఏ ధర్మమైనను తన హద్దు నెరిగి యున్నప్పుడే ధర్మమగును. పెద్దవాడు పొరబడుచుండగా, ఆ పొరపాటు చిన్నవానికి కనబడుచుండగా, అతడు నోరు మెదపక యుండుట వినయమా, అపరాధమా? ఈ ప్రశ్న పాతది. ధర్మశాస్త్రములు దీనిని ఎరుగును. ఇతిహాసములు దీనిచుట్టును తిరిగినవి. అయితే నీతిని విచారించువారికి ఒక చిక్కు కలదు. గతించిన సంగతిలో ఎవరు ఎప్పుడు ఏమి యనిరో, ఏమి యనక యుండిరో సరిగా తెలియదు. ఊహించుకొనవలెను. విమానములలో మాత్రము పైలట్ల మాటలను సెకండ్లతోసహా భద్రపరచు యంత్ర మొకటి యుండును. అందుచేత మౌనము ఎంతసేపు నిలిచినదో, మాట ఎంత ఆలస్యముగా వచ్చినదో కొలిచి చెప్పుటకు వీలగుచున్నది. అట్టి యొక సంఘటనను ముందుంచుకొని ఈ ప్రశ్నను విచారింతము.

1997 ఆగస్టు 6వ తేదీ రాత్రి 1 గంట 42 నిమిషములకు, పసిఫిక్ మహాసముద్రమున అమెరికా పాలనలోనున్న గ్వామ్ ద్వీపమందు, కొరియన్ ఎయిర్ సంస్థవారి 801వ నంబరు విమానము విమానాశ్రయమునకు సుమారు మూడు మైళ్ల యీవల నిమిట్జ్ కొండను తాకి కూలిపోయెను. అది బోయింగ్ 747 జాతి పెద్ద విమానము. కొరియా రాజధాని సియోల్ నుండి వచ్చుచుండెను. అందులోని 254 మందిలో 228 మంది మరణించిరి. విమానమున ఏ యంత్రమును చెడలేదు, ఇంధనము తరుగలేదు, రెక్క విరుగలేదు. చక్కగా ఎగురుచున్న విమానమును, దానిని నడుపుటకు పూర్తిగా అర్హులైన ముగ్గురు మనుష్యులు, తమ వశమందుండగానే కొండమీదికి దింపిరి. ఇది ఎట్లు జరిగెను?

ఇది తెలియుటకు రాత్రివేళ, వానలో విమానము దిగు పద్ధతిని కొంచెము చెప్పవలసియున్నది. రన్‌వే కంటికి కనబడనప్పుడు దారి చూపుటకు ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టమ్ అను ఏర్పాటు కలదు. అందులో నేలమీది నుండి రెండు రేడియో సంకేతములు పంపబడుచుండును. లోకలైజరు అనునది విమానము రన్‌వేకు సూటిగా వచ్చుచున్నదో, కుడియెడమలకు తొలగుచున్నదో తెలుపును. గ్లైడ్ స్లోప్ అనునది ఎంత దూరమున ఎంత యెత్తున నుండవలెనో తెలుపును. అది సుమారు 3 డిగ్రీల వాలుగల కనబడని జారుడుబల్ల వంటిది. దానిని పట్టుకొని వచ్చినచో విమానము నేరుగా రన్‌వే మొదటికి చేరును.

ఆ దినములలో గ్వామ్‌నందు గ్లైడ్ స్లోప్ పనిచేయుట లేదు. దానిని మరమ్మతుకై నిలిపియుంచిరి. ఈ సంగతి ముందుగానే ప్రకటింపబడినది. అట్టివేళ జారుడుబల్ల లేదు గనుక మెట్లు దిగినట్లు దిగవలెను. ఒక గురుతు దాటువరకు 2,000 అడుగులకు తగ్గరాదు. ఆ తరువాతి గురుతు దాటువరకు 1,440 అడుగులకు తగ్గరాదు. ఆ తరువాతి గురుతే నిమిట్జ్ కొండమీది రేడియో కేంద్రము. పెక్కు విమానాశ్రయములలో దూరమును చూపు కేంద్రము రన్‌వేకు దగ్గరలోనే యుండును. గ్వామ్‌లో అట్లు కాదు. అది రన్‌వేకు 3.3 నాటికల్ మైళ్ల ముందే, కొండనెత్తిన నున్నది. అక్కడినుండి దూరమును లెక్కించి, అదియే విమానాశ్రయమని భ్రమించువానికి దారిలోనున్న కొండ లెక్కకు రాదు. కెప్టెనుకు అట్టి భ్రమ కలిగియుండవచ్చునని విచారణలో తలంచిరి.

ఆ కెప్టెను అసమర్థుడు కాడు. వయస్సు 42 ఏండ్లు. సుమారు 9,000 గంటలు విమానమును నడిపినవాడు. మూడు నెలలకు ముందే ఒక ఆపదలో విమానమును కాపాడినందులకు సంస్థవారిచే భద్రతాపురస్కారమును పొందినవాడు. అతని ప్రక్కనున్న సహపైలట్టునకు 4,000 గంటల అనుభవము కలదు. వెనుక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు వయస్సులో అందరికంటె పెద్ద, 57 ఏండ్లవాడు, 13,000 గంటలకు పైబడిన అనుభవము గలవాడు. ఇక్కడ మనము గమనింపవలసిన దొకటి కలదు. ఆ గదిలో పెద్దరికమును నిర్ణయించినది వయస్సు కాదు, అనుభవము కాదు, పదవి. తలనెరసిన వాడు సైతము పదవిలో తక్కువవాడైనచో చిన్నవాడే యగుచున్నాడు. కనుక మన ప్రశ్న పిల్లలకు పెద్దలకు మాత్రమే సంబంధించినది కాదు. అధికారము గలవానికిని లేనివానికిని సంబంధించినది.

దిగుటకు కొన్ని నిమిషముల ముందు గ్లైడ్ స్లోప్ పనిచేయుచున్నదా యని ఆ ముగ్గురి నడుమ మాట వచ్చెను. ఫ్లైట్ ఇంజనీరు అడిగెను. పనిచేయుచున్నదని కెప్టెను బదులిచ్చెను. అది ఉపయోగపడునది కాదని సహపైలట్టు జ్ఞాపకము చేసెను. ఆ ప్రశ్న అక్కడ తేలలేదు. తేలని ప్రశ్నను నడుమ నుంచుకొనియే ముగ్గురును ముందుకు సాగిరి. విమానము 1,440 అడుగుల మెట్టు దాటి దిగిపోయెను. కొండమీది గురుతు ఇంకను ముందే యున్నది. ఆ సంగతిని పట్టుకొని “ఇంకను దిగరాదు” అని గట్టిగా పలికినవారు లేరు. కెప్టెను అలసియుండెను, తనకు నిద్ర వచ్చుచున్నదని అతడే అంతకుముందు అనుకొన్న మాట యంత్రమున నిలిచియున్నది. బయట వాన, ఎదుట చీకటి.

నేల దగ్గరపడుచున్నదని తెలుపు యంత్రము అడుగుల లెక్కను పలుకజొచ్చెను. వేగముగా దిగుచున్నారని హెచ్చరించెను. కూలుటకు ఆరేడు సెకండ్ల ముందు సహపైలట్టు నోట మాట వచ్చెను: దిగుట మాని పైకి పోవుదము అని. రన్‌వే కనబడుట లేదని ఫ్లైట్ ఇంజనీరు పలికెను. సహపైలట్టు మరల తన మాటనే చెప్పెను. కెప్టెను అప్పుడు అంగీకరించెను. కాని చెప్పినదానికిని చేసినదానికిని నడుమ కొన్ని సెకండ్లు జారిపోయినవి. కొండకు సెకండ్లతో పనిలేదు. కూలుటకు 12 సెకండ్ల ముందు గట్టిగా పైకెత్తియుండినచో విమానము బహుశా కొండను దాటిపోయెడిదని అమెరికాదేశపు నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు తన విచారణలో తేల్చెను. 2000 జనవరిలో ఆమోదించిన నివేదికలో ఆ బోర్డు కెప్టెను లోపముతోపాటు, అతని పనిని కనిపెట్టి సరిచూడవలసిన తక్కిన యిద్దరి లోపమును కూడ ప్రమాదకారణముగా చేర్చెను.

ఈ చివరి సంగతి మన విచారణకు ప్రాణము. మౌనముగా నున్నవాడు నిర్దోషి యని లోకము సామాన్యముగా తలంచును. “నేనేమి చేసితిని? చేసినవాడు ఆయన” అనుట సులభము. కాని ఇద్దరు కాపలాదారులలో నొకడు నిద్రించినచో దొంగతనమునకు రెండవవాని మెలకువ యడ్డుపడవలెను గదా! రెండవవాడు చూచియు కేకవేయనిచో అతని మెలకువకు విలువ యేమి? సహపైలట్టును ఆ స్థానమున కూర్చుండబెట్టినది చేయి సాయమునకు మాత్రమే కాదు. రెండవ జత కన్నుల కొరకు, రెండవ నోటి కొరకు. నోరు మూతపడినచో ఆ స్థానము ఖాళీగా నున్నట్లే.

ఈ ప్రమాదమును చెప్పువారిలో కొందరు, కొరియా దేశమున పెద్దలయెడ భయభక్తులు మిక్కుటము గనుక ఇట్లు జరిగినదని తేల్చివేయుదురు. ఈ తీర్పు మాకు సమ్మతము కాదు. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపమున రెండు పెద్ద విమానములు రన్‌వేమీదనే ఢీకొని 583 మంది మరణించిరి. అచ్చట డచ్చి విమానపు ఫ్లైట్ ఇంజనీరు, ఎదుటి విమానము ఇంకను తొలగలేదేమో యని సంశయమును వెలిబుచ్చెను. సంస్థలో మిక్కిలి పేరుగల కెప్టెను దానిని త్రోసిపుచ్చెను. ఇంజనీరు మరల అనలేదు. 1990 నవంబరు 14న మిలాన్ నుండి జ్యూరిచ్ చేరవలసిన ఇటలీ విమానమొకటి ఇట్లే ఇన్‌స్ట్రుమెంట్ లాండింగునకు వచ్చుచు కొండను తాకి 46 మందితో నశించెను. అందు రిసీవరు చెడి తప్పుదారి చూపుచుండగా, సహపైలట్టు విమానమును పైకెత్తబోయెను. కెప్టెను వలదని వారించి దిగుటనే సాగించెను. వీరు కొరియావారు కారు. పదవియందలి అహంకారమునకు, పదవియెదుటి జంకునకు ఒక దేశము, ఒక జాతి లేవు.

ఈ విషయమున మనవంటి వారు మరింత జాగరూకులై యుండవలెను. ఇరుగుపొరుగు భాషలవారి నడుమ చిరకాలముగా బ్రదుకుచున్నవారము. మనవాడొకడు తప్పు చేసినప్పుడు “ఈ తెలుగువారింతే” అను మాట వినియుండని కుటుంబము మనలో అరుదు. ఒక్కని దోషమును ఒక భాషకు, ఒక కులమునకు, ఒక దేశమునకు అంటగట్టుట ఎంత అన్యాయమో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. పరుల విషయమున మనమే ఆ యన్యాయమును చేయరాదు. అంతేకాదు, అట్టి తీర్పు మనకొక ప్రమాదకరమైన ఊరటను ఇచ్చును. తప్పు ఎక్కడనో దూరదేశపువారి స్వభావమున నున్నదని నమ్మినవాడు తన యింటి నడవలోనికి తొంగిచూడడు.

గ్వామ్‌లో మరియొక మౌనము కూడ గలదు. అది మనుష్యులు యంత్రమునకు విధించిన మౌనము. విమానములు ప్రమాదకరమైన తక్కువ యెత్తునకు దిగినప్పుడు నేలమీది కంట్రోలరును హెచ్చరించు ఏర్పాటొకటి అచ్చట నుండెను. అది అనవసరముగా మాటిమాటికి మ్రోగి విసిగించుచున్నదని, విమానాశ్రయముచుట్టును 54 నాటికల్ మైళ్ల పర్యంతము పనిచేయకుండ దానిని సంబంధిత అధికారులే కట్టివైచిరి. కట్టకయుండినచో అది ప్రమాదమునకు ఒక నిమిషమునకు పైగా ముందుగానే హెచ్చరించియుండెడిది. సహపైలట్టునకు దొరికినవి ఆరేడు సెకండ్లు. ఆ గంటకు దొరికియుండవలసినది ఒక నిమిషము. నిమిషమున్నచో కొండ దాటవచ్చును.

ఈ సంగతి యంత్రములకే పరిమితమని మేము తలంపము. ప్రతి సంస్థలోను, ప్రతి కుటుంబములోను మాటిమాటికి మ్రోగు గంటవంటి మనిషి యొకడుండును. లెక్కలలో తేడా వచ్చినదనును. గోడ బీటలు వారినదనును. అల్లుని మాట నమ్మదగినది కాదనును. తొమ్మిదిమార్లు అతని భయము వట్టిదే యగును. విసిగిపోయి అతనిని సభలకు పిలుచుట మానుదుము. పదియవమారు అతడు చెప్పవలసినది ఎవరికిని వినబడదు. తప్పుడు హెచ్చరికలను తగ్గించుటకు గంటను సరిచేయవలెను గాని గంట నాలుకను పెరికివేయరాదు. గ్వామ్ అధికారుల తొందరపాటు నుండి మనము నేర్వవలసిన పాఠ మిది.

ఇంతవరకు పలుకని వారిని గూర్చి చెప్పితిమి. పలికినను విననివారి సంగతి యింకొకటి యున్నది. 2010 మే 22న దుబాయి నుండి మంగళూరునకు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము రన్‌వేను దాటి లోయలో పడెను. 158 మంది మరణించిరి. 8 మంది మాత్రమే బ్రదికిరి. కర్ణాటకమున నివసించు మనవారికి అది నేటికిని మరపునకు రాని దుర్దినము. అక్కడ విమానము కొండను తాకలేదు. కొండమీది రన్‌వేపై చాల దూరము దాటిన పిమ్మట నేలను తాకి, ఆగలేకపోయెను. కాని నీతి యదియే. దిగుట మాని పైకి పోవుదమని సహపైలట్టు మూడుమార్లు చెప్పెనని, కెప్టెను వినలేదని ప్రభుత్వవిచారణలో తేలినది. గ్వామ్‌లో చిన్నవాడు ఆలస్యముగా పలికెను. మంగళూరులో చిన్నవాడు పలుకవలసిన వేళనే పలికెను. ఫలితము రెండుచోట్ల నొక్కటే. కనుక పలుకుట సగము ధర్మము. వినుట తక్కిన సగము. మొదటి సగమును పిల్లలకు నేర్పి రెండవ సగమును పెద్దలు నేర్వనిచో ప్రయోజనము లేదు.

మన వాఙ్మయము ఈ రెండు సగములను ఎరుగును. నన్నయభట్టు తెనిగించిన సభాపర్వమున ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్మద్రోణాది వృద్ధులు సమాధానమీయక యుండగా, ధృతరాష్ట్రుని కుమారులలో చిన్నవాడైన వికర్ణుడు లేచి ధర్మమును చెప్పెను. కర్ణుడు అతనిని బాలుడవని గద్దించి కూర్చుండబెట్టెను. వికర్ణుని మాట తప్పని ఆ సభలో ఎవరును నిరూపింపలేదు. అతని వయస్సు చాలదని మాత్రమే నిరూపించిరి. విదురుడు సైతము ఆ సభలో, అడిగిన ప్రశ్నకు ఉత్తరమీయని సభ్యులకు పాపములో పాలు కలదని ప్రహ్లాదుని కథ చెప్పి హెచ్చరించెను. తిక్కన సోమయాజి ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుని రాయబారసందర్భమున చెప్పిన పద్యమొకటి మన పెద్దలకు కంఠస్థమే. అన్యాయమును అడ్డగింపగల వారు చూచుచు ఊరకుండినచో ఆ నష్టము వారినే చుట్టుకొనునని దాని తాత్పర్యము. విభీషణుడు అన్నను విడిచినవాడని నిందించువారు, విడుచుటకు ముందు అతడు అన్నకు ఎన్నిమార్లు హితము చెప్పెనో మరచుచున్నారు. పెద్దలమాట దాటరాదని చెప్పిన గ్రంథములే, పెద్దల యెదుట నిజము దాచరాదనియు చెప్పినవి. మొదటి దానిని మాత్రమే మనము పట్టుకొని వచ్చితిమి.

ఇచ్చట నొక ఆక్షేపణము రాగలదు. ప్రతివాడును ప్రతి మాటకును అడ్డుతగిలినచో పని సాగునా? విమానమునకు ముగ్గురు కెప్టెన్లుండిన అది ఎక్కడ దిగును? ఇంటికి నలుగురు యజమానులుండిన వంట యేమగును? ఈ ఆక్షేపణము వట్టిది కాదు. అధికారము ఒకచోట నుండవలసినదే. తుదినిర్ణయము ఒకడు చేయవలసినదే. వాదమునకే వాదించువాడు, తన తెలివిని చూపుటకే పెద్దల తప్పు లెన్నువాడు, ఈ వ్యాసమునుండి అనుమతి పొందజాలడు.

కాని మన భాషలోనే ఈ చిక్కును విప్పు రెండు మాటలు కలవు. ఎదురు చెప్పుట వేరు, ఎరుకపరచుట వేరు. ఎదురు చెప్పువాడు పెద్దవాని స్థానమును కోరును. ఎరుకపరచువాడు పెద్దవానికి తన కన్నులను అప్పిచ్చును. మొదటివాడు “నీవు చెప్పినది తప్పు” అనును. రెండవవాడు “అయ్యా, మనము 1,440 అడుగులకు దిగువకు వచ్చితిమి, గురుతు ఇంకను దాటలేదు” అనును. ఇందులో అవమాన మేమున్నది? ఇది వాస్తవమును నివేదించుట. నిర్ణయము పెద్దవానిదే, ఆ నిర్ణయమునకు కావలసిన నిజము మాత్రము అందరిది. నిజమును దాచి నిర్ణయమును మాత్రము అతనికి వదలుట గౌరవము కాదు. గ్రుడ్డివానిని దారిలో విడిచి నమస్కరించుటవంటిది.

గౌరవవాచకములు నాలుకను కట్టివేయునని కొందరందురు. మనకు “మీరు” కలదు, “అండీ” కలదు. కన్నడమున మన “నీవు” అను రూపమే గౌరవవాచకము. తమిళులకు “నీంగళ్”, మరాఠీలకును ఒరియావారికిని “ఆపణ” కలవు. ఇన్ని భాషల మర్యాదలను ఒక్కదినముననే పాటించు మన కుటుంబములవారికి ఈ సంగతి చక్కగా తెలియును: మర్యాద మాట రూపమున నుండును, సారము సత్యమున నుండును. “ఆగండి” అనుటలో “అండి” ఉన్నంతమాత్రమున ఆగుమను అర్థము తగ్గలేదు. భాష మనలను మూగలను చేయలేదు. భాషను మిషగా చేసికొని మనమే మూగలమగుచున్నాము. అయితే ఇంకొక పద్ధతి కలదు. అది నిజముగా ప్రమాదకరమైనది. చెప్పవలసినదానిని డొంకతిరుగుడుగా, సూచనగా, “వాన జోరుగా నున్నదే” యన్నట్లు చెప్పి, పెద్దవాడు గ్రహించుకొనునని ఊరకుండుట. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు సూచన చాలును. ఆపదవేళ సూచన చాలదు. అలసినవాడు సూచనను గ్రహింపడు. మర్యాదగా పలుకుడు, కాని స్పష్టముగా పలుకుడు. ఒకమారు వినబడనిచో రెండవమారు పలుకుడు.

విమానయానమువారు ఈ పాఠమును ఎంతో నెత్తురు చిందిన మీదట నేర్చిరి. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లండ్ వద్ద ఒక విమానము, కెప్టెను వేరొక చిక్కును విచారించుచుండగా, ఇంధనము అయిపోయి కూలెను. ఇంధనము తగ్గుచున్నదని తక్కినవారికి తెలిసియు తగినంత గట్టిగా చెప్పలేదు. ఆ తరువాత పైలట్లకు కలసి పనిచేయు శిక్షణ ప్రారంభమయ్యెను. క్రిందివాడు ఎట్లు చెప్పవలెనో, పైవాడు ఎట్లు వినవలెనో, ఏ మాటకు ఏ బదులు రావలెనో అభ్యాసము చేయించుట మొదలిడిరి. నేడు పెక్కు సంస్థలలో దిగుట మాని పైకి పోవుదమని ఇద్దరు పైలట్లలో ఎవరు పలికినను, ముందు పైకి పోయి తరువాతనే విచారించవలెనని నియమము. కొరియన్ ఎయిర్ సంస్థ కూడ 1999 డిసెంబరులో లండను సమీపమున మరియొక సరకువిమానమును పోగొట్టుకొనిన పిమ్మట తన శిక్షణను మార్చుకొనెను. అది మొదలు ఆ సంస్థ విమానములలో ప్రాణనష్టమైన ప్రమాదము జరుగలేదు. అదే దేశము, అదే భాష, అవే గౌరవవాచకములు. మారినది అలవాటు. జాతిస్వభావమే కారణమనువారికి ఇంతకంటె గట్టి సమాధానము లేదు.

వైద్యులు సైతము ఈ దారినే త్రొక్కిరి. 2008లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు శస్త్రచికిత్సకు ముందు చదువవలసిన ఒక పట్టికను ప్రకటించిరి. అందు గదిలోని ప్రతివారును తమ పేరును, తమ పనిని చెప్పుకొనవలెనని యొక నియమము కలదు. చూచుటకు ఇది చిన్న సంగతి. కాని ఒకమారు తన పేరు చెప్పుటకు నోరు విప్పినవాడు, ఆపద వచ్చినప్పుడు మరల విప్పుటకు తక్కువ జంకును. మౌనము ఒక అలవాటైనట్లే పలుకుటయు ఒక అలవాటు. ఆపదవేళ దానిని క్రొత్తగా నేర్చుకొన వీలులేదు. ముందే అభ్యసించి యుండవలెను.

ఈ మాటను మన సంఘములకు, మన యిండ్లకు అన్వయించుకొనుట కష్టము కాదు. మన సమాజసభలలో వేదికమీద పెద్దలు కూర్చుందురు. యువకులు కుర్చీలు మోయుదురు. తీర్మానములు చదువబడును, చప్పట్లు మ్రోగును. తెలుగుబడికి పిల్లలు వచ్చుట తగ్గిపోయినదని ఆ కుర్చీలు మోయువారికి తెలిసియుండును, వేదికమీదివారికి తెలిసియుండదు. వారు చెప్పరు, వీరడుగరు. ఇంటిలో తండ్రి చేయు అప్పు అపాయమని కొడుకునకు తోచును; పెద్దాయనకు మందు మారినదని కోడలు గమనించును; కాని “మనమెట్లు చెప్పుదుము?” అని ఊరకుందురు. అక్కడ కొండ లేదు; విమానము లేదు; కాని దిగిపోవుచున్న యెత్తు ఉన్నది, జారిపోవుచున్న సెకండ్లు ఉన్నవి. అల్పసంఖ్యాకులమైన మనకు ఒక తరము మౌనము చాలును. రెండవ తరమునకు పలుకుటకు భాషయే మిగులదు.

కనుక పెద్దలకు మా విన్నపమిది. చిన్నవాడు నిజము చెప్పినప్పుడు ముందుగా విషయమును చూడుడు. చెప్పిన తీరును తరువాత చూడవచ్చును. అతడు చెప్పినది పొరపాటైనను, చెప్పినందులకు మెచ్చుకొనుడు. లేనిచో మరునాడు అతడు సరియైనదానిని సైతము చెప్పడు. సభ ముగియుటకు ముందు అందరికంటె చిన్నవానిని “నీకేమైన కనబడుచున్నదా?” అని అడుగుట ఏ అధ్యక్షునకును తక్కువ కాదు. యువకులకు మా మాట యిది. పెద్దల పాదములకు నమస్కరింపుడు. అది మన ఆచారము, అందమైన ఆచారము. కాని నమస్కరించి లేచిన పిమ్మట, కనబడినదానిని చెప్పుడు. స్థిరముగా, మర్యాదగా, సకాలమున చెప్పుడు.

గ్వామ్ విమానములోని సహపైలట్టు తుదకు సత్యమునే పలికెను. అతని మాటలో తప్పు లేదు. ధైర్యమునకును లోటు లేదు. లోటైనది కాలము. ధర్మము తెలిసియుండుట చాలదు, దానిని పలుకవలసిన క్షణమున పలుకవలెను. పలికినదానిని ఆ క్షణమునందే వినువాడును ఉండవలెను. ఈ రెండును కూడిన చోట పెద్దరికము తరుగదు. చిన్నవాని మాట విని విమానమును మరల ఆకాశమునకు ఎత్తిన కెప్టెన్లు లోకమున వేలకొలది యుందురు. వారి పేర్లు ఏ నివేదికలోను కనబడవు. ఏలనన వారి ప్రయాణికులందరును ఇండ్లకు చేరిరి.